గుండిగ అడుగున పేరు

చింతపండు పెట్టి తోమడం తప్పని నాకెవరూ ముందు చెప్పలేదు. మా పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ ఇత్తడి సామాను గడప దాటాలంటే ముందు తోమాల్సిందే. పెళ్లికి ఎరువిచ్చినా, కళాయి వేయించడానికి పంపినా సరే. మసిగిన్నె పరాయివాళ్ల కంటపడితే ఆ ఇంటి ఆడవాళ్లని ఏమంటారో నాకు తెలుసు. నేనూ అన్నదాన్నే. అందుకని మా మరిది, "పాత సామాన్ల సంతకి నీ గుండిగ పట్రా వదినా, ఎగబడి కొంతారు" అన్నాక రెండు రోజులు కూర్చుని దాన్ని తోమాను. ఒక రోజు చింతపండుతో, ఒక రోజు ఇటుకపొడితో. మోకాళ్లు పట్టేశాయి గానీ గుండిగ మాత్రం అందులో చూసి బొట్టు పెట్టుకునేలా తయారైంది.

సంతలో మా మరిది దాన్ని చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఓలమ్మా, ఏటి సేసీసినావు వదినా?"

"తోమినాను."

"ఎవులు తోమమన్నారు?"

"తోమకుండా నలుగుర్లోకి ఎలగ తెస్తాను బావూ?"

"ఆ మసికే కదా వొదినా ఇక్కడ ఇలువ! ఇత్తడి కొట్లో దొరకదేటి తళతళలాడే గుండిగ?"

ఆ మాట నాకప్పుడే కాదు, ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు.

మా మరిది ఓడల సామాను అమ్ముతాడు. ముసలివైపోయిన ఓడల్ని విప్పేసినప్పుడు వచ్చే దీపాలు, గోడగడియారాలు, గుండ్రటి కిటికీలు, మందపాటి పింగాణీ కప్పులు అతని సరుకు. ఫిషింగ్ హార్బర్ దగ్గర చిన్న షెడ్డుంది. నెలకో ఆదివారం సముద్రం ఒడ్డు మైదానంలో పాత సామాన్ల వాళ్లంతా చేరితే, అతనూ ఒక టార్పాలిన్ పరుచుకుంటాడు. నేను ఉప్పు గాలికి పమిట బిగించుకుని అతని టార్పాలిన్ చివర నా గుండిగ పెట్టుకున్నాను.

కాసేపు కూర్చుని, కాళ్లు తిమ్మిరెక్కితే లేచి అటూ ఇటూ తిరిగాను. తిరిగినకొద్దీ నా బుర్ర పనిచేయడం మానేసింది. ఒక చోట ఇల్లు లేకుండా ఒట్టి తలుపు నిలబెట్టారు. ఒక చోట ధాన్యం కొలిచే కుంచంలో పెన్నులు పెట్టారు. ఊరగాయ జాడీలు రెండుంటే, పగిలి అంటించిన దానికి ఎక్కువ ధర చెబుతున్నాడు, బాగున్నదానికి తక్కువ. ఎందుకని అడిగితే, "అది పగిలిందమ్మా" అన్నాడు, అదేదో గొప్ప అన్నట్టు. మా అమ్మ అటకెక్కించినవీ, నేను పాత ఇనుం బండివాడికిచ్చి ఉల్లిపాయలు తీసుకున్నవీ అన్నీ అక్కడ వరసగా ఎండలో కూర్చుని ఉన్నాయి. వాటి చుట్టూ చదువుకున్నవాళ్లు గొంతుక్కూర్చుని, పసిపిల్లల్ని ముట్టుకున్నట్టు ముట్టుకుంటున్నారు.

నా గుండిగ అమ్మాలని నేను అనుకోలేదు. మా ఆయన అనుకున్నారు. ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం ఉన్నన్నాళ్లూ క్వార్టర్స్‌లో ఉన్నాం. వెనక వరండాలో గుండిగ నిండా బియ్యం పోసుకునేదాన్ని. ఆయన రిటైరయ్యాక కూర్మన్నపాలెంలో రెండు గదుల పోర్షన్‌కి వచ్చాం. మంచం, బీరువా, గుండిగ, మేమిద్దరం. రోజుకోసారైనా ఆయన కాలి బొటనవేలు దానికి తగిలేది. "ఈ ఇంట్లో అదుండాలి, నేదా నానుండాలి" అన్నారు ఒక రోజు. గుండిగని చూశాను, ఆయన్ని చూశాను. సరేనన్నాను.

అది మా అమ్మ గుండిగ. నా పెళ్లిలో వండిన గుండిగ. నలభై ఏళ్లు దాటింది. పెళ్లయిన మర్నాడు నిండా బియ్యం పోసి లారీలో నాతో పంపింది. దాని అడుగున ఉన్న మట్టీ మసీ కూడా నా పెళ్లి నాటివే. మా ఊళ్లో పెద్ద వంటకి గుండిగ పొయ్యి మీద పెట్టేముందు అడుగుకి మట్టి పూస్తారు, తర్వాత మట్టితో పాటు మసి కూడా ఊడి వస్తుందని. నేను బియ్యం పోసుకునే గిన్నె కాబట్టి అడుగు తిరగేసి చూసిన పాపాన పోలేదు. ఈ సంత కోసం తిరగేసి గీకితే కిందనుంచి చుక్కలు చుక్కలుగా అక్షరాలు తేలాయి. కంచరి ఉలితో కొట్టిన పేరు. చదవలేదు. నాలుగో తరగతి చదివినదాన్ని, చుక్కల అక్షరాలు కూడబలుక్కోవాలంటే పొద్దుపోతుంది. అయినా మా అమ్మ గుండిగ మీద మా అమ్మ పేరు కాక ఏముంటుంది? తెలిసిన పేరుని ఎవరు చదువుతారు?

చదివింది కొనడానికి వచ్చిన ఒక అమ్మాయి. కాఫీ హోటల్ పెడుతున్నానంది. గుండిగలో మొక్క పెట్టి గుమ్మం పక్కన ఉంచుతుందట. మొక్కకి మట్టికుండ చాలదా అనబోయి, మరిది గుడ్లురిమితే నోరు మూసుకున్నాను. ఆ అమ్మాయి చెవులు పట్టుకుని గుండిగని బోర్లించింది. అడుగున వేలు పెట్టి మెల్లిగా ఒక్కో అక్షరం చదివి, పేరూ ఊరూ పైకి చెప్పి, "ఇది మీ పేరేనా ఆంటీ?" అంది.

"మా అమ్మ పే..." అన్నాను. అక్కడితో ఆగిపోయాను. ఊరు మా ఊరే. పేరు మా అమ్మది కాదు.

"మళ్లీ సదువమ్మా."

మళ్లీ చదివింది. అదే పేరు. నేనూ నేల మీద కూర్చుని వేలు పెట్టి కూడబలుక్కున్నాను. అక్షరాలు మారలేదు. ఆ పేరు ఇక్కడ చెప్పను. ఆవిడ్ని ఇప్పటికే చాలామంది దగ్గర పలుచన చేశాను.

ఎందుకంటే ఆవిడ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. నేనే చెప్పాను. క్వార్టర్స్‌లో పప్పు ఏరుకుంటూ చెప్పాను, పిల్లలకి అన్నం పెడుతూ చెప్పాను, ఇరుగుపొరుగు పురుళ్లకి వెళ్లి అక్కడా చెప్పాను. నాకు చదువు లేకపోయినా జ్ఞాపకం గట్టిది. నా పెళ్లికి ఎవరు ఏ రంగు చీర కట్టారో ఈరోజుకీ చెప్పగలను. ఈ కథ కూడా ఒక్క ముక్క పోకుండా చెబుతాను.

నా పెళ్లి వంటకి ఐదిళ్ల నుంచి ఐదు గుండిగలు వచ్చాయి. మాది కాక నాలుగు ఎరువువి. మా ఊళ్లో పద్ధతి ఏమిటంటే, భోజనాలయ్యాక గుండిగలన్నీ తోమి వాకిట్లో వరసగా బోర్లిస్తారు. అడుగున ఉన్న పేర్లు ఆకాశం వైపు చూస్తుంటాయి. చదువొచ్చినవాళ్లు ఒకరు నిలబడి పేర్లు చదివితే ఎవరిది వాళ్లు పట్టుకెళతారు. పేరు అడుగున కొట్టించేది అందుకే. ఆ రోజు మాత్రం బంతి లేస్తూనే ఒక్కసారిగా వాన దిగింది. పందిరి కూలింది. గుండిగల్ని మట్టితో మసితో అలాగే అందిన చూరు కిందకి ఈడ్చేశారు.

మర్నాడు పొద్దున్న లారీ ఎక్కించే వేళకి ఆవిడొచ్చింది. ఎరువిచ్చిన నాలుగిళ్లలో ఒకింటి ఆవిడ. మెట్టు మీద నిలబడి ముక్కు చీదుకుంటూ మొదలుపెట్టింది.

"నా గుండిగకి సెవి పక్కన సొట్టుంటాది. నా పెనిమిటి దించినప్పుడు పడ్డాది. ఆ బండిలో ఉన్నది నాదే. నాది నాకిచ్చీండి."

మా అమ్మ అంది: "మా గుండిగ మాకు తెల్దేటి? సొట్టలు నీ ఒక్కదానికే రాసిచ్చినారేటి?"

"ఓపాలి బోర్లించి సూపించు మరి."

"పెళ్లికూతురితో అంపిన బియ్యం గుమ్మంలో ఒలకబోయమంతావా? శుభమా అని పిల్లని సాగదోల్తంటే ఏటా ఏడుపు?"

అందరూ నవ్వారు. నేను మెడలో పసుపుతాడుతో లారీ ముందు సీట్లో కూర్చుని నవ్వాను. ఆవిడ "నా సొట్ట, నా సొట్ట" అనుకుంటూ వెళ్లిపోయింది. కథ అక్కడికొచ్చేసరికి నేను ముక్కు చీది, గొంతు సన్నం చేసి "నా సొట్ట" అనేదాన్ని. పిల్లలు పడీ పడీ నవ్వేవారు. మా ఇంట్లో ఆవిడ పేరే సొట్టత్త అయిపోయింది.

సంతలో గుండిగ చెవి పక్కన చెయ్యి పెట్టి చూశాను. సొట్ట ఉంది. ఎప్పుడూ ఉంది. నేనే దాన్ని బియ్యం కొలిచే డబ్బా ఆనించడానికి వాడుకున్నాను.

"ఇస్తారా ఆంటీ?" అంది కాఫీ హోటల్ అమ్మాయి.

"ఇది నాది కాదమ్మా."

"మరి ఎవరిది?"

మరిది కల్పించుకున్నాడు. "వదిన ఎండకి అలగైపోనాది మేడం. మాదే, మాదే."

"నీ ఓడలు మునగ, నోర్ముయ్యి. నాది కాదంతన్నానా?"

ఆ అమ్మాయి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఫోటో తీసుకుని వెళ్లిపోయింది. ఆ పూట మరిది నాతో మాట్లాడలేదు. మా అమ్మకి తెలుసా? అదొక్కటే లోపల తిరుగుతోంది. అమ్మకి చదువు రాదు, నిజమే. కానీ బియ్యం ఒక్కసారి చాపలో వంపి అడుగు గీకి, ఎవర్నైనా పిలిచి చదివించొచ్చు. ఎందుకు చదివించలేదు? నిజంగా తనదే అనుకుందా? పెళ్లి వాకిట్లో పరువు పోతుందనుకుందా? మా అమ్మ పోయి చాలా ఏళ్లయింది. జ్ఞాపకంలోని మొహాన్ని ఎంత తరచి చూసినా, అది ఒకసారి తెలియని మొహంలా ఉంటుంది, ఒకసారి తెలిసిన మొహంలా ఉంటుంది.

ఊళ్లో ఉన్న మా చిన్నాన్న కోడలికి ఫోన్ చేశాను. గుండిగ మీద పేరున్నావిడ పోయిందట. ఆవిడ కోడలు మాత్రం వైజాగులోనే ఉందట, ద్వారకా నగర్‌లో కోచింగ్ పిల్లల హాస్టల్లో వంట చేస్తోందట. నంబరిచ్చింది. మూడు రోజులు ఆ నంబరు కాగితం దేవుడి పటం కింద పెట్టుకుని, నాలుగో రోజు కొట్టాను. ఎవరి కూతురినో చెప్పాను. అటు వెనక కుక్కర్లు కూస్తున్నాయి.

"ఓలమ్మో! గుండిగ దొంగోలమ్మాయివా నువ్వు?" అంది.

ఆ పిల్ల నాలిక్కరుచుకుంది. "ఏటనుకోకప్పా. మా అత్త అలగే సెప్పీది. మీ అమ్మ పేరు నాకు తెల్దు. మా ఇంట్లో ఆ పేరే."

వాళ్లింట్లో మా అమ్మ కథ ఉందన్నమాట. వాళ్ల పిల్లలు కూడా అన్నాలు తింటూ విన్నారన్నమాట. అందులో మా అమ్మ గొంతు ఎలా పెట్టేదో ఆవిడ, అడగాలనిపించింది. అడగలేదు.

"మీ గుండిగ మా ఇంట్లోనే ఉంది తల్లీ. వచ్చి పట్టుకెళ్లు" అన్నాను.

"మరి మీది?"

"మాదేటి?"

"ఆ వాన్లో మా సూరు కింద ఒకటి మిగిలిపోనాదంట కదా. అది మీదేనని మా అత్త అటకెక్కించీసింది. వండనియ్యలేదు, తోమనియ్యలేదు. పరాయి సొమ్ము, ఆలు మనది తెచ్చిన్నాడు ఆలది ఇచ్చేద్దాం అనీది."

అది విన్నాక నాకు ఆ రాత్రి ముద్ద దిగలేదు. ఆవిడ నలభై ఏళ్లు వాడకుండా దాచింది. నేను నలభై ఏళ్లు బియ్యం తిన్నాను.

కోడలు మా ఇంటికి రానంది. దొంగల గుమ్మం తొక్కనని అత్తకి మాటిచ్చిందట. నవ్వుతూనే అంది గానీ రానంటే రానంది. హాస్టల్‌కి నన్ను రానివ్వరు. కడకి వచ్చే నెల సంతలోనే కలుద్దామనుకున్నాం. ఎవరి గుమ్మమూ కాని చోటు అదొక్కటే దొరికింది. ఊరి నుంచి గుండిగ తెప్పించుకోవడానికీ తనకి టైం కావాలి.

ఆ ఆదివారం నేను గుండిగ నిండా బియ్యం పోసి, పైన బెల్లం అచ్చూ పసుపుకొమ్ములూ పెట్టాను. ఎరువు గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. ఆటోవాడు బరువుకి సణిగాడు. మరిది చూసి, "కిందటి నెల తోమి తెచ్చినావు, ఈ నెల సరుకేసి తెచ్చినావు. వచ్చే నెల వండి తెస్తావేటి?" అన్నాడు.

మధ్యాహ్నం పిల్లలకి వడ్డించేసి ఆ అమ్మాయి వచ్చింది. అమ్మాయంటున్నాను గానీ యాభై ఉంటాయి. చేతుల మీద నూనె చుక్కల మచ్చలు. ఆటోలోంచి గోనెసంచి కట్టిన గుండిగ దించింది. విప్పితే నిండా ఉలవలు. తనూ ఖాళీగా తేలేదు. ఇద్దరం ఒకరి గుండిగలోకి ఒకరం చూసుకున్నాం.

నేను తెచ్చిన గుండిగలో బియ్యం సంచిలోకి వంపి బోర్లించాను. తను వంగి పేరు చదువుకుంది. పదో తరగతి దాకా చదివిందట, గడగడా చదివేసింది. చదివి, అడుగు మీద అరచెయ్యి వేసింది.

"మా అత్త సచ్చీదాకా మీ అమ్మని తిట్టింది. మీ అమ్మ ఏటనీదప్పా మా అత్తని?"

"ఏటీ అనీది కాదు. నవ్వీది" అన్నాను. తర్వాత నోరు పెగుల్చుకుని, "నేనూ నవ్వినాను" అన్నాను.

తను తలెత్తి చూసింది. "సరే, మీది సూసుకో" అంది.

ఉలవలు వంపి ఆ గుండిగని తిరగేశాం. అడుగున మట్టి పెచ్చు కట్టి నల్లగా ఉంది. చెవి పక్కన సొట్ట! నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మా అమ్మ అబద్ధమాడలేదు, సొట్టలు అందరికీ ఉంటాయి. దించేటప్పుడు ఆ చెవి పక్కనే కదా నేలకి తగిలేది. నేను చేతిసంచిలోంచి చింతపండు తీశాను. పక్క దుకాణాల వాళ్లు పరిగెత్తుకొచ్చారు.

"తోమకమ్మా! మసి పోతే దాని అందం పోతాది!"

"వదినా, దండం పెడతాను, కొంచెమైనా ఉంచు!" మరిది.

"పేరు ఎంతుంటే అంతే గీకుతాం బావూ" అని తనూ నేనూ చెరో పక్కనా కూర్చున్నాం. చింతపండు, ఓ చెంబు నీళ్లు. వంటింటి చేతులు నాలుగు పడితే నలభై ఏళ్ల మట్టి ఎంతసేపు నిలుస్తుంది? చుక్కలు తేలాయి. మా అమ్మ పేరు కోసం నా కళ్లు ముందే తడిసిపోయాయి. ఏమీ కనబడలేదు.

"సదువు" అన్నాను.

చదివింది. ఆగింది. మళ్లీ చదివింది.

మా అమ్మ పేరు కాదు. వాళ్లత్త పేరూ కాదు. మూడో పేరు.

మరిది వంగి, "ఇదెవులు మళ్లీ?" అన్నాడు.

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. ఆ పేరున్నవాళ్లు మా ఊళ్లో అప్పట్లో ముగ్గురు. నా పెళ్లికి గుండిగ ఇచ్చిన మిగతా మూడిళ్లూ తలుచుకున్నాను. ఒకింట్లో అత్తది ఆ పేరు, ఇంకో ఇంట్లో ఆడపడుచుది. ఏ రంగు చీర కట్టారో చెప్పగలను గానీ ఎవరి గుండిగో చెప్పలేకపోయాను.

"అయితే మా అత్త దాసింది మీది కాదన్నమాట" అంది తను నెమ్మదిగా. "మూడో ఓలది. ఆలు మరి మీది తీసుకున్నారో, నాలుగో ఓలది తీసుకున్నారో..."

"మీ అత్త దొంగేటి అప్పుడు?" అన్నాడు మరిది ఊరుకోలేక.

"నోర్ముయ్యి" అన్నాం ఇద్దరం ఒక్కసారే. అప్పుడు మాత్రం నవ్వొచ్చింది. తనకే ముందు వచ్చింది. కాటుక పోయేలా నవ్వి, పమిటతో కళ్లు తుడుచుకుని, ముక్కు చీదింది. అచ్చం వాళ్లత్తలాగే. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

తన గుండిగ తను తీసుకుంది. బియ్యం మళ్లీ అందులో పోసి, బెల్లం, పసుపుకొమ్ములు పైన పెట్టి, చెరో చెవీ పట్టుకుని ఆటోలోకి ఎక్కించాం. రెండోది కూడా తీసుకెళ్లమన్నాను. వద్దంది.

"మా అత్త దాసడం అయిపోనాదప్పా. ఇప్పుడు నీ వంతు. ఉలవలు మాత్రం తినీ, పాడైపోతాయి."

సాయంత్రం ఆటోలో ఆ మూడో పేరున్న గుండిగతో ఇంటికొచ్చాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చూశారు.

"ఇది అదేనా?"

"కాదు."

"మరి మీ అమ్మదా?"

"కాదు."

"మరెవులదే?"

"తెల్దు."

ఆయన బొటనవేలు వెనక్కి తీసుకుని దారిచ్చారు.

ఇప్పుడు ప్రతి నెలా దాన్ని సంతకి పట్టుకెళ్తున్నాను. మరిది టార్పాలిన్ చివర, ఓడ దీపాల పక్కన, బోర్లించి పెడతాను. పేరు ఆకాశం వైపు ఉంటుంది. సగం అడుగు తళతళ, సగం మసి. జనానికి ఆ సగం సగం తెగ నచ్చుతోంది. కాఫీ హోటల్ అమ్మాయి కూడా మళ్లీ వచ్చి అడిగింది. అమ్మనని చెప్పాను. అమ్మనిదాన్ని ఎందుకు తెస్తానో మరిదికి అర్థం కావడం లేదు, నాకూ పూర్తిగా అర్థమైందని చెప్పలేను. మధ్యలో లేచి మిగతా దుకాణాలకి వెళ్లి, కనబడిన గుండిగనల్లా బోర్లించి చూస్తాను. దుకాణాల వాళ్లు నన్ను దూరం నుంచే చూసి, "బోర్లించీ మామ్మొస్తంది, పట్టుకోండి" అనుకుంటారు. మా అమ్మ పేరు ఇంకా కనబడలేదు.

మొన్న మనవరాలు అన్నం తింటూ, సొట్టత్త కథ చెప్పమంది. లారీ దాకా చెప్పాను. బియ్యం దాకా చెప్పాను. ఆవిడ మెట్టు మీదకి వచ్చేసరికి ముక్కు చీదబోయి ఆగిపోయాను.

"ఊఁ, నా సొట్ట అను మామ్మా" అంది.

"ఆవిడ అలగ అన్లేదమ్మా" అన్నాను. "ఓపాలి బోర్లించి సూపించమంది."

"సూపించారా?"

"ముద్ద నమిలి తిను" అన్నాను.